ఇరవై ఎనిమిది స్లైడ్లు

నాకు నోరెక్కువని మా ల్యాబులో అందరికీ తెలుసు. పద్నాలుగేళ్లుగా కణజాలం ముక్కలు కోసి, స్లైడ్ల మీద అతికించి, రంగు తెప్పించడమే నా పని. నా స్లైడుకి వంక పెట్టే మనిషి ఇంకా పుట్టలేదని నేనే చెప్పుకుని తిరిగేదాన్ని. సందేహాల మాస్టారు వచ్చేదాకా అదే ధీమా.

ఆయన మూడు నెలల కిందట బదిలీ మీద వచ్చిన సైంటిస్టు. రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి. దేన్నీ ఓ పట్టాన నమ్మరు, అందుకే ఆ పేరు పెట్టాం. చేరిన మూడో రోజే నా ఫ్రిజ్ తలుపు తీసి, యాంటీబాడీ సీసా చేతిలోకి తీసుకుని అడిగారు.

"ఇది పట్టుకోవాల్సినదాన్నే పట్టుకుంటోందని ఎలా తెలుసమ్మా?"

నాకు ఒళ్లు మండిపోయింది. "సీసా మీద రాసే ఉంది కదండీ, చదువుకోండి" అన్నాను.

మా పని ఏమిటో చెప్తాను. కణంలో హార్మోన్ వచ్చి కూర్చునే కుర్చీ లాంటిది ఒకటుంటుంది. దాన్ని రిసెప్టర్ అంటాం. అది ఊరికే చూస్తే కనబడదు. యాంటీబాడీ వెళ్లి దానికి అతుక్కుంటుంది, అతుక్కున్న చోట మేం రంగు తెప్పిస్తాం. గోధుమరంగు వస్తే రిసెప్టర్ ఉన్నట్టు, ఉత్త నీలంగా మిగిలితే లేనట్టు. మా మేడం ఒక కొత్త మాత్ర మీద పరిశోధన చేస్తున్నారు. ఆ కుర్చీ ఉన్న గడ్డ మీదే అది పనిచేస్తుంది. రొమ్ములో గడ్డ ఉన్న ఆడవాళ్లలో గోధుమరంగు వచ్చినవాళ్లకి ఆ మాత్ర, రానివాళ్లకి మామూలు కీమో ఇంజెక్షన్లు. అలా ముప్పై తొమ్మిది మంది మాత్రలోకి వెళ్లారు. అందులో మా అక్క ఒకతి.

అక్క బస్సు కండక్టరు. ఇంజెక్షన్లనగానే అడ్డం తిరిగింది. "రోజంతా నిలబడే ఉద్యోగమే నాది. ఓ పక్క వాంతులు చేసుకుంటూ ఇంకో పక్క టికెట్లు కొట్టనా?" అంది. సొంతవాళ్ల ముక్క మనం ముట్టకూడదని మాకో రూలుంది. ముట్టాను. నేనే కోశాను, నేనే రంగేశాను. మైక్రోస్కోపు కింద పెట్టగానే చిక్కటి గోధుమరంగు కనబడింది. అక్కడికక్కడే ఫోన్ చేసి, "వచ్చిందక్కా! ఇంజెక్షన్లు లేవు నీకు!" అని అరిచాను. అటునుంచి బస్సు హారను, దాని మధ్యలో అక్క ఏడుపు వినబడ్డాయి. నా జన్మలో అంత సంతోషం ఎరగను.

అది జరిగి ఎనిమిది నెలలు.

మాస్టారు ఊరుకోలేదు. ఆ రిసెప్టర్ పుట్టకుండా జన్యువు తీసేసిన ఎలుక గర్భసంచి ముక్క ఎక్కణ్ణుంచో తెప్పించారు. అందులో కుర్చీ లేదు కాబట్టి రంగు రాకూడదు. నా చేత్తోనే చేయమన్నారు. చేశాను. ఆయన మైక్రోస్కోపులోకి చూసి, తన కుర్చీ పక్కకి జరిపి నాకు చోటిచ్చారు.

గోధుమరంగు. అక్క స్లైడులో ఎంత చిక్కగా ఉందో అంత చిక్కగా.

"సరిగ్గా కడగలేదేమోనండీ" అన్నాను.

"కడిగింది మీరేనమ్మా" అన్నారాయన.

అలాంటి స్లైడు చూడడం నాకది మొదటిసారి కాదు. రెండేళ్ల కిందట, ఈ పరిశోధన మొదలుకాకముందు, రంగు రాకూడని ముక్క ఒకటి ఇలాగే గోధుమరంగులో వచ్చింది. కడగడంలో తేడా చేశానని నన్ను నేను తిట్టుకున్నాను. ఆ స్లైడు చెత్తబుట్టలో పడేసి, ఇంకో రెండుసార్లు చేసి, యాంటీబాడీ బాగా పలుచన చేసి, రంగు పోయిన స్లైడునే మేడానికి చూపించాను. నా చేతి తప్పు పదిమందికి తెలిస్తే పరువుపోతుందనుకున్నాను. సీసాని అనుమానించాలన్న ఆలోచనే రాలేదు. మంచి పనిమంతురాలినన్న పొగరు, ఇంకేం కాదు.

మాస్టారు వేరే కంపెనీ యాంటీబాడీ తెప్పించి, ముందు ఎలుక మీద చూశారు. శుభ్రంగా నీలం. అప్పుడు ముప్పై తొమ్మిది మంది ముక్కలూ మళ్లీ తీశాం. పదకొండింటికి గోధుమరంగు వచ్చింది. ఇరవై ఎనిమిదింటికి రాలేదు. అక్కది ఆ ఇరవై ఎనిమిదిలో ఉంది.

మేడం మొహం పాలిపోయింది. "మన పరిశోధనని చూసే కమిటీకి రాస్తాను. వాళ్లు చూసి జవాబివ్వడానికి రెండు నెలలు పట్టొచ్చు. అప్పటిదాకా ఎవరూ బయట నోరు విప్పొద్దు, పేషెంట్లు కంగారుపడతారు" అన్నారు. అంత నోరున్నదాన్ని, "సరే మేడం" అని తలూపి వచ్చేశాను.

మర్నాడు పొద్దున్నే అక్క ఇంటికి వెళ్లాను. యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటోంది. పోయిన నెల స్కానులో గడ్డ పెరిగిందని, మందు పట్టడానికి టైం పడుతుందిలే అని డాక్టరు అన్నాడని అప్పటికే నాకు తెలుసు. దాచకుండా అంతా చెప్పాను. పారేసిన స్లైడు సంగతి కూడా చెప్పాను.

అక్క ఇస్త్రీపెట్టె స్విచ్చి ఆపింది. "అంటే ఎనిమిది నెలలు నేను సున్నం బిళ్లలు మింగానా?"

"అంతే అక్కా."

"నువ్వు అప్పుడే చెప్పుంటే?"

"ఇంజెక్షన్లు పడేవి. గడ్డ చిన్నగా ఉన్నప్పుడే."

తిడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. నాకు ఏడుపు ఆగలేదు.

"ఏడవకు, చిరాగ్గా ఉంది" అంది. "మిగతా ఇరవై ఏడు మందికీ చెప్పారా?"

"లేదు. కమిటీ జవాబు వచ్చేదాకా చెప్పొద్దన్నారు."

"రెండు నెలలు వాళ్లింకా ఆ మాత్రలే మింగుతూ ఉండాలా? నేను అక్కని కాబట్టి నాకు చెప్పావు. ల్యాబులో చెల్లెలు లేకపోవడం వాళ్ల తప్పా?"

"నా ఉద్యోగం పోతుందక్కా."

"నేను పోయినా ఫర్వాలేదు గానీ నీ ఉద్యోగం పోకూడదు, అంతేగా?"

ఫోన్ బయటికి తీశాను. శాంపిల్ ఇవ్వడానికి రమ్మని వాళ్లందరికీ ఫోన్లు చేసేది నేనే, నంబర్లన్నీ నా ఫోన్లోనే ఉన్నాయి. అక్క కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది. "స్పీకర్లో పెట్టు" అంది.

మొదటి నంబరు ఒక టీచరుది. ఆవిడ భర్త ఎత్తాడు. ల్యాబు నుంచి అని చెప్పగానే నా గొంతు గుర్తుపట్టాడు.

"ఆవిడ పోయి పద్దెనిమిది రోజులైందమ్మా" అన్నాడు. "మీరు చాలా ఓపిగ్గా మాట్లాడేవారని చెప్తుండేది. నేనే చేద్దామనుకుంటున్నాను మీకు. మాత్రలు రెండు డబ్బాలు అలాగే ఉండిపోయాయి. చాలా మంచి మందన్నారు కదా, ఇంకెవరికైనా పనికొస్తాయేమో. తెచ్చిమ్మంటారా?"

అక్క నా చెయ్యి పట్టుకుంది.

"వద్దండీ" అన్నాను. "అవి ఆవిడకి కూడా పనికొచ్చేవి కావు. ఆ సంగతి చెప్పడానికే చేశాను."

"ఏంటమ్మా?" అన్నాడాయన.

మళ్లీ చెప్పాను.