చీకట్లో పెట్టని గిన్నె

రెండు రోజులుగా ఆత్మారాం సారుకు ఆత్మ మిగిలింది, ఆరాం పోయింది.

నిజామాబాద్‌లో కెమిస్ట్రీ పాఠాలు చెప్పుకుంటూ, నలభై అయిదో ఏట డాక్టరేటు మోజులో పడ్డ మనిషి. బోధన్ చెరకు పిప్పిని కాల్చి, సన్నసన్నటి చిల్లుల బొగ్గు చేసి, దానికి ఎండ తగిలితే మందును విరగ్గొట్టే టైటానియం తెల్లపొడి పట్టించాడు. కోళ్లకు వాడే టెట్రాసైక్లిన్ మందు కలిపిన నీళ్లలో ఆ బొగ్గు వేసి డాబా మీద పెడితే, సాయంత్రానికల్లా పసుపు రంగు మాయం! కోళ్ల ఫారాల నుంచి కాలువల్లోకి దిగే మందును ఎండలో పెట్టి ఎండగట్టేశానని ఊరంతా చెప్పుకున్నాడు.

కింది వాటాలో బీడీలు చుట్టే ఇంటి యజమానురాలు భూమవ్వ ఒకసారి అడిగింది కూడా: "సారూ, వాడిన బొగ్గుల మందుండదా?"

"ఎండకు సచ్చిపోతదవ్వా. ఇగ గది ఉత్త బొగ్గే."

మొన్న హైదరాబాద్ నుంచి గైడు ఫోన్లో ఒక్క మాట అడిగాడు. "అదే గిన్నె చీకట్లో పెట్టి చూశారా?"

చూడలేదు. తొందర. ఇప్పుడు బీరువాలో పెట్టి చూస్తే, చీకట్లోనూ రంగు పోయింది. వాడిన బొగ్గును స్పిరిట్‌లో కడిగితే మందంతా పసుపుపచ్చగా బయటికొచ్చింది. ఎండ విరగ్గొట్టిందేమీ లేదు, బొగ్గు మింగి కూర్చుంది. ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా రెండు రోజులు సారు కూడా బొగ్గులాగే మింగి కూర్చున్నాడు.

మూడో రోజు పొద్దున డాబా మీద వాడిన బొగ్గు సంచి సగమైపోయి కనిపించింది. గబగబా కిందికి దిగితే, భూమవ్వ నల్లటి నోటితో పండ్లు తోముకుంటోంది.

"అవ్వా, గా బొగ్గు..."

"నీదే సారూ! నూరి ఉప్పు కలిపిన. పిప్పి పన్నుకు నీ చెరకు పిప్పే మందయింది. వాపు గుంజుకపోయింది. వాడకట్టంత పంచిన."

"ఉమ్మెయ్ అవ్వా! అండ్ల మందు సావలేదు. నేను తప్పు చెప్పిన."

"సావకుంటెనే గద నొప్పి పోయింది?" ముసలమ్మ పకపకా నవ్వింది. "నీ మొకమేంది, నాకంటె నల్లగయింది?"

"పిల్లలకు, కడుపుతోటున్నోళ్లకు గది మంచిది గాదవ్వా. పుట్టే పిల్లల పండ్లు గూడ పచ్చగయితయి."

నవ్వు ఆగిపోయింది. "మన వాడకట్టు గంగమణి కోడలికి ఏడో నెల సారూ. రోజు గదే తోముతున్నది."

పంచిన బొగ్గు వెనక్కి తెచ్చేందుకు ఇంకో ఖాళీ సంచి భుజాన వేసుకున్నాడు సారు. ఎస్టీడీ బూత్ ముందు కాళ్లు ఒక్క క్షణం ఆగాయి. గైడుకు తర్వాత చెప్పొచ్చు, ముందు గంగమణి గడప.

గంగమణి సంచిని చూసి సంబరంగా లోపలి నుంచి గిన్నె తెచ్చి పట్టింది. "ఇంకింత తెచ్చినవా సారూ? నిన్ననే అయిపోయింది."

"లేదక్కా," అన్నాడు సారు. "కోడలిని పిలువు. ఇద్దరికీ ఒక మాట చెప్పాలె."