మొర్మో లేదన్న ఇల్లు

ఆ మధ్యాహ్నం అమీనియస్ రంగుల మండపం నుంచి ఇంటికొచ్చీ రాగానే, కాళ్లయినా కడుక్కోకుండా, ఈ ఇంట్లో పిల్లని జడిపించడానికి ఇక మొర్మో అనే బూచి మాట ఎత్తడానికి వీల్లేదని ప్రకటించాడు. చెప్పులు కుట్టించి అమ్ముకునే మనిషికి తత్వం చెప్పే మండపంలో ఏం పనని వాడవాళ్లు అడిగి అడిగి మానేశారు. కొట్టు పనివాళ్లకి వదిలేసి, రోజూ పొద్దున్నే ఆ స్తంభాల నీడన నిలబడి గురువు మాటలు వినడం అతనికి అలవాటైపోయింది. భయమంటే బుద్ధి చేసే పొరపాటట. చెడ్డది కానిదాన్ని చెడ్డదనుకోవడమేనట. విన్నదాన్ని సాయంత్రంలోగా ఇంట్లో ఎవరి మీదైనా ప్రయోగించకపోతే అతనికి తిండి సహించేది కాదు.

ఆ వేళకి అతని కూతురు, నాలుగేళ్ల మిర్రినె, పప్పుజావ తాగనని మూతి బిగించుకుని ఆయా ఒళ్లో కూర్చుని ఉంది. ఆయా పేరు మెలిట్ట. అమీనియస్‌ని పెంచిందీ ఆవిడే.

"మొర్మో వచ్చి కొరుకుతుందని చెప్పకుండా ఎట్లా తాగించమంటారయ్యా?" అంది మెలిట్ట.

"నచ్చచెప్పు. తాగితే ఆకలి తీరుతుందని చెప్పు."

"ఆకలే లేదంటోంది."

"లేకపోతే తాగదు. అందులో చెడేముంది?"

"మిమ్మల్ని ఆ మాటతోనే పెంచాను. మీకేం తక్కువైందని?"

"అందుకేగా ఇప్పటికీ చీకట్లో పెరట్లోకి పోవాలంటే దీపం వెతుక్కుంటున్నాను. మొర్మో లేదు, గిర్మో లేదు. పిల్లకి ఆ మాటే చెప్పు."

మెలిట్టకి గుండెల్లో రాయి పడింది. ఉన్నదాన్ని పట్టుకుని లేదంటే అది ఊరుకుంటుందా? కీడు తగలకుండా గబగబా తన రొమ్ము మీద మూడుసార్లు ఉమ్మేసుకుని, పిల్ల చెవిలో ఎవరికీ వినబడకుండా, "లేదటమ్మా," అంది.

మగ్గం దగ్గర కూర్చున్న నికారెతె మొగుడి వైపు తిరగనైనా తిరగలేదు. "ఆడపిల్లని భయం లేకుండా పెంచి ఎవరి నెత్తిన రుద్దుదామని?" అంది.

"మగైనా ఆడైనా మంచితనం ఒకటేనని గురువుగారు చెప్పారు."

"ఆయనకి పిల్లలున్నారా?"

"లేరు."

"అదీ సంగతి," అని నికారెతె మళ్లీ నేతలో పడిపోయింది.

చెప్పకేం, కొన్నాళ్లు అమీనియస్ తత్వమే గెలిచినట్టు కనబడింది. చీకటి కొట్టుగదిలోకి పిల్ల ఒక్కతే పోయి అంజూరపళ్లు తెచ్చుకునేది. ఎదురింటి కుక్క మొరిగితే దాని మూతి పట్టుకుని ముద్దులాడేది. అతను కొట్లో కొనడానికొచ్చినవాళ్లందరికీ ఈ విశేషాలే చెప్పేవాడు. చెప్పులు వేసి చూసుకుంటూ వాళ్లు వినక ఏం చేస్తారు?

అప్పుడు పిల్ల కన్ను వాకిట్లో ఉన్న బావి మీద పడింది.

ఆ బావికి మట్టిగట్టు, పెద్దవాళ్లకి నడుముదాకా వస్తుంది. చెక్కమూత ఎప్పుడో పుచ్చిపోయింది. ఇదివరకు మొర్మో కాపురం అందులోనే కాబట్టి మిర్రినె ఆ ఛాయలకైనా పోయేది కాదు. ఇప్పుడు నీళ్లకుండ బోర్లించి, దాని మీదెక్కి, గట్టు మీద కూర్చుని కాళ్లూపుతోంది. రోజుకోసారైనా ఎవరో ఒకరు కెవ్వుమని పోయి ఎత్తుకొస్తున్నారు. దించిన చోట నిలబడదు. ఆడవాళ్లు అటు తిరిగితే చాలు, కుండ దొర్లించుకుని మళ్లీ అక్కడే.

నికారెతె మూత చేయించమంది. అమీనియస్ వడ్రంగికి చెప్పాడు. పండుగకి జనం కూర్చునే బల్లలు చేస్తున్నాను, అయ్యాక చూద్దామన్నాడు వడ్రంగి. ఈలోగా పిల్లకి బుద్ధితోనే నచ్చచెబుదామని అమీనియస్ ఒకరోజు ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు.

"బావెక్కకూడదు తల్లీ."

"ఎందుకు నాన్నా?"

"పడతావు."

"పడితే?"

"చచ్చిపోతావు."

"చచ్చిపోతే చెడ్డదా?"

అమీనియస్ నోరు తెరిచాడు. చెడ్డదే అంటే మండపంలో నేర్చుకున్నదంతా నీళ్లలో కలిసినట్టే. అక్కడ మొట్టమొదట నేర్పేదే చావు మంచీ కాదు, చెడూ కాదని. కాదంటే బావి ఎదురుగా ఉంది. పిల్ల కళ్లు పెద్దవి చేసుకుని చూస్తోంది. పిల్లలకి అబద్ధం చెప్పనని ఒట్టు పెట్టుకున్నది కూడా ఇతగాడే.

"చెడ్డది కాదనుకో," అన్నాడు. "అయినా ఎక్కకూడదు."

"ఎందుకు?"

పిల్ల చేతిలో తేనెరొట్టె పెట్టి లేచిపోయాడు.

మర్నాడు మండపంలో గురువుని నిలదీశాడు. గురువు విసుక్కోలేదు. "జ్ఞాని కూడా బావిలో దూకడయ్యా. కానీ అతనిది జాగ్రత్త, భయం కాదు. జాగ్రత్తలో వణుకు ఉండదు," అన్నాడు.

"అట్లాంటి జ్ఞాని ఎవరైనా ఉన్నారా అండీ?"

"ఇప్పటిదాకా ఉన్నాడని చెప్పలేను."

"మరి మాలాంటివాళ్లకి ఏముంటుంది? మాది జాగ్రత్త అనుకోవాలా, భయం అనుకోవాలా?"

"అభ్యాసం అనుకో," అన్నాడు గురువు.

పక్కనున్న కుర్రాళ్లు మెచ్చుకోలుగా తలలూపారు. అమీనియస్ కూడా ఊపాడు. ఇంటిదారి పట్టాక మాత్రం తను దేనికి ఊపాడో అతనికే బోధపడలేదు. జాగ్రత్త, భయం, జాగ్రత్త, భయం అనుకుంటూ నడిచి నడిచి, తన వీధి దాటి అవతలి వీధిలోకి పోయి, అక్కడెవరో పలకరిస్తే వెనక్కి తిరిగాడు.

ఇంటి తలుపు తెరిచే ఉంది. నికారెతె పొరుగింట్లో పురుడొస్తే పోయింది. మెలిట్ట వంటింట్లో పొయ్యి ఊదుతోంది. వాకిట్లో మిర్రినె బావిగట్టు మీద పొట్ట ఆనించి వేలాడుతోంది. కాళ్లు గాల్లో ఉన్నాయి. తల లోపలికి వంచి "ఓయ్" అంటోంది, బావి "ఓయ్" అంటుంటే కిలకిలా నవ్వుతోంది. నవ్వినప్పుడల్లా ఒళ్లు ఇంకాస్త ముందుకి జారుతోంది.

అమీనియస్ గడపలోనే నిలబడిపోయాడు. పరిగెత్తితే పిల్ల ఉలిక్కిపడుతుంది. అరిస్తే జారుతుంది. గొంతు వీలైనంత మెత్తగా చేసుకున్నాడు.

"అమ్మలూ, దిగి రా."

"ఎందుకూ?"

"పడతావు."

"పడితే చచ్చిపోతా అంతే. చెడ్డది కాదుగా నాన్నా?"

"కాదుగా నాన్నా," అంది బావి.

ఆ క్షణాన అతని బుర్రలో గురువు మాట ఒక్కటీ మిగల్లేదు. వెతికాడు కూడా, పాపం. చివరికి నోట్లోంచి వచ్చినమాట అతను అనుకుని అన్నది కాదు.

"లోపల మొర్మో ఉంది."

"లేదన్నావుగా," అంటూ, నాన్న అబద్ధం దొరకబుచ్చుకుందామని పిల్ల తలెత్తి అతని మొహంలోకి చూసింది.

నాన్న మొహం అలా ఉండగా పిల్ల ఎన్నడూ చూడలేదు. రక్తం ఇంకిపోయి తెల్లగా ఉంది. గడ్డం అదురుతోంది. పిల్ల నవ్వు ఆగిపోయింది. పొట్టమీద వెనక్కి జరిగి జరిగి, కుండమీద కాలు ఆనించి, కిందికి దూకి, నాన్నని దాటుకుని పరుగున పోయి మెలిట్ట కప్పుకున్న పాత దుప్పట్లో మొహం దాచేసుకుంది.

అమీనియస్ ఉన్నచోటే చతికిలబడ్డాడు. కాసేపటికి లేచి, కొట్టుగది తలుపు ఊడబెరికి, బావిమీద పరిచి, పైన రెండు బండలు పెట్టాడు. అయినా ఒళ్లు వణుకుతూనే ఉంది. పొద్దు వాలేలోగా నికారెతె వచ్చింది. జరిగింది మెలిట్ట చెప్పగా వింది. ఎత్తిపొడవలేదు. రొట్టె తెచ్చి అతని ముందు పెట్టి పక్కనే కూర్చుంది. ఆవిడ తిట్టి ఉంటే అతనికి కొంత సుఖంగా ఉండేది.

అతను తన పొరపాటు ఎక్కడుందా అని వెతుక్కుంటూ కూర్చున్నాడు. చావు చెడ్డది కాదు, సరే. పిల్ల దిగివచ్చింది, సరే. తలుపు బావి మీద ఉంది. మరి ఈ వణుకు దేన్ని గురించి? ఏ మాట తప్పనుకుంటే ఇది ఆగుతుంది? ఒక్కో మాటే తీసి చూశాడు, ఏదీ తప్పుగా లేదు, వణుకూ ఆగలేదు.

మిర్రినె మెల్లగా వచ్చి ఒళ్లో ఎక్కింది.

"నాన్నా, నువ్వు మొర్మోని చూశావు కదా?"

లేదందామనుకున్నాడు. "చూశాను," అన్నాడు.

"ఎట్లా ఉంది?"

"గట్టుమీద నువ్వు లేవు. అట్లా ఉంది."

పిల్లకి ఏమీ అర్థం కాలేదు. అర్థమైంది ఒక్కటే, నాన్న భయపడుతున్నాడని. చిన్న చెయ్యి చాచి అతని గడ్డం నిమిరింది. నాన్న పాఠం చెప్పేటప్పటి గొంతునే తనూ తెచ్చుకుని, "మొర్మో లేదు నాన్నా. ఉత్తిదే. పద, నేను చూపిస్తా," అని చెయ్యి పట్టుకుని బావి వైపు లాగింది.

అమీనియస్ పిల్లని రెండు చేతులా అదిమి పట్టుకున్నాడు. "ఉంది తల్లీ," అన్నాడు. "ఉంది. నా మాట విను, ఉంది."