లూము గ్రీజు

ఆ రోజు జూలై పద్నాలుగు, ఆదివారం. ఐలమ్మ మొక్కజొన్నలతో మక్కగారెలు చేసి, కోడికూర వండింది. కడుపునిండా తిని, చెయ్యి కడుక్కున్న వెంటనే ఆమె కొడుకు సంపత్ మేనమామ కారుకు కొత్త బ్రేక్ ప్యాడ్లు, డిస్కులు బిగించాడు. సంపత్ లూముల మిస్త్రీ. మొరాయించిన మరమగ్గం ఏదైనా అతని చెయ్యి పడితే కదలాల్సిందే. "నేనుండంగ గ్యారేజీ ఎందుకు మామా?" అన్నాడు. ఆ మేనమామ, తెలుగు బడి పంతులుగా రిటైరైన నర్సింగం, సరేనన్నాడు.

ఈ హడావుడంతా ఐలమ్మ కంటికోసం. శుక్లం ముదిరింది. ఆపరేషన్ అంటే చాలు, ఏడాదిగా ఏదో ఒక వంక. చివరికి "తమ్ముడు సొంత కారుల తోల్కపోతెనే వస్త" అని ఒప్పుకుంది. వచ్చే శనివారం పొద్దున్నే అమ్రోలి కంటి దవాఖానలో ఆపరేషన్. ఇది తప్పితే మళ్ళీ ఊఁ అనదని మామా అల్లుళ్ళిద్దరికీ తెలుసు.

శుక్రవారం సాయంత్రం నర్సింగం పెట్రోలు పోయించుకుని వస్తుంటే, ఎవరో వెనక్కి పట్టి లాగుతున్నట్టు కారు సాగనంది. ఇంటిముందు ఆపేసరికి ముందు ఎడమ చక్రం దగ్గర కాలిన వాసన.

గడపలో కూర్చున్న ఐలమ్మ ముఖం వెలిగిపోయింది. "చూసినవా తమ్మీ, కారే వద్దంటున్నది!"

"నువ్వు జర ఊకో అవ్వా" అంటూ సంపత్ జాకీ తెచ్చాడు.

చక్రం చేత్తో తిప్పితే తిరగలేదు. బ్రేక్ ఆయిల్ వదిలే నట్టు కాస్త సడలిస్తే ఆయిల్ చిమ్మింది కానీ పట్టు వదల్లేదు. అంటే పైపులో ఆయిల్ ఇరుక్కుని కాదు. ప్యాడ్లను డిస్కుకు అదిమే కాలిపర్ ఊడదీసి నొక్కితే పిస్టన్ బుద్ధిగా వెనక్కి పోయింది. మిగిలింది కాలిపర్ అటూ ఇటూ జరగడానికి ఉన్న పిన్నులు. ఒకటి ఎంత లాగినా రాలేదు. తీరా వచ్చేసరికి దాని రబ్బరు నీళ్ళలో నానిన శనగలా ఉబ్బి ఉంది.

"దీనికి ఏం గ్రీజు పెట్టినవురా?" అన్నాడు నర్సింగం.

సంపత్ తల గోక్కున్నాడు. "లూముకు పెట్టేదే మామా. మంచి మాల్."

"అది ఇనుముకు మంచిది బిడ్డా. రబ్బరుకు పడదు."

"ఇగ కారుతోటి చీరలు నేపియ్యి!" ఐలమ్మ పకపకా నవ్వింది.

స్పేర్ పార్టుల దుకాణం వాడు అప్పటికే షట్టర్ సగం దించాడు. నర్సింగం వంగి లోపలికి తొంగిచూస్తే, విసుక్కోకుండా మళ్ళీ లేపాడు. రబ్బర్ల కిట్టూ, రబ్బరుకు పడే గ్రీజూ దొరికాయి. దారిలో పట్టుకున్న వాన కూడా ఇల్లు చేరేసరికి ఆగింది. ఇద్దరూ కలిసి రెండువైపులా పిన్నులు తుడిచి, కొత్త రబ్బర్లు వేసి, ఆయిల్ సరిచూశారు. నర్సింగం కారును నాలుగు వీధులు తిప్పుకొచ్చి చక్రం మీద చెయ్యి పెట్టాడు. చల్లగా ఉంది.

ఐలమ్మ నవ్వు మాత్రం ఆగిపోయింది.

"తమ్మీ, కరుణను గిట్లనే తోల్కపోయినం గదా" అంది.

నర్సింగం ఆమె పక్కన కూర్చున్నాడు. భార్య కరుణను దవాఖానలో చేర్చిన నాడు తనతో ఉన్నది ఈ అక్కే. కరుణ మళ్ళీ ఇంటికి రాలేదు. ఏడాదిగా చెప్పిన వంకలన్నీ ఎక్కడినుంచి వచ్చాయో ఇప్పుడు తెలిసింది.

"కరుణది గుండె జబ్బక్కా. నీది కన్ను. మధ్యాహ్నంకల్లా ఇంటికొస్తవు."

"నువ్వు ఏడికి పోవు గదా?"

"తలుపుకాడనే కూసుంట."

ఐలమ్మ లేచింది. ఉతికిన చీర తీసి మంచం మీద పెట్టుకుంది. "ఐదింటికి లేపుండ్రి. నాకు మెలకువ రాలేదని మీరిద్దరు గూడ పండుకునేరు" అని, తన గది తలుపు చప్పుడు కాకుండా వేసుకుంది.