బరువు మీదే బిగించాలి

పలాసని ఆనుకునే ఉన్న కాశీబుగ్గలో మెకానిక్ చంద్రమౌళి షెడ్‌కి ఆ సోమవారం పొద్దున్నే తోమా నడిపే అంబాసిడర్ కారు వచ్చింది. వచ్చిందనడం కంటే మూలుగుతూ వచ్చి పడిందనాలి. వెనక చక్రాల దగ్గర గుయ్యిమని మోత, గతుకు తగిలినప్పుడల్లా సీటు కింద నుంచి దబ్‌మని ఓ గుద్దు. ముప్ఫయ్యేళ్ళ బండి. సముద్రం ఒడ్డు ఊళ్ళో ఉప్పుగాలీ ఇసకా తిని బతికిన బండి. తోమా దాంట్లోనే వారానికి రెండుసార్లు తన భార్య కాంతమ్మనీ, పక్కవీధి ఎర్రమ్మనీ పలాసకి డయాలసిస్‌కి తెచ్చేవాడు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు తొంగిచూడని వీధి కోసం వెతుక్కోవాలి.

"కాంతమ్మని ఆస్పటల్లో దించేసి ఒచ్చినాను మేస్త్రీ," అన్నాడు తోమా. "ఇదే ఆకరంట. ఇంటికి ఎలాగో ఎల్తాదట గానీ, లచ్చింవారం డయాలసిస్‌కి మరి ఈ బండెక్కదట. ఆటోలో ఆ కుదుపులు ఇంకా పడనేదు. రాకపోతే ఏటవుద్దో నీకు తెల్దా?"

తెలియకేం. రెండుసార్లు మానేస్తే ఒళ్ళంతా నీరు పట్టేస్తుంది, ఊపిరాడదు.

"ఎర్రమ్మ కూడా అలాగే మొండికేసింది. ఎముకలు ఇరిగిపోతన్నాయి, నాను రాను అని ఇంట్లో కూకుంది. పది రోజులు. నిన్నటికి వారమైనాది ఎల్లిపోయి."

చంద్రమౌళి గోడవార బల్ల వైపు చూశాడు. ఎర్రమ్మ ఈ షెడ్ బల్ల మీద ఎన్నిసార్లు కూర్చుందో. టీ ఇస్తే గ్లాసులోకి చూసి, "ఇందులో పాలు నేవురా, అన్నీ నీళ్ళే. నాకు డాక్టరు నీళ్ళు ఒద్దన్నాడు," అని తిప్పి ఇచ్చేసేది. కాంతమ్మ బండి కదిలే ముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తుంటే, "మా నూకాలమ్మకి కూడా ఓ మాట సెప్పే," అని పక్క నుంచి పొడిచేది. అలాంటి మనిషి పోయిందంటే నమ్మబుద్ధి కాలేదు.

బండిని జాకీల మీద ఎత్తి చక్రాలు విప్పాడు. బేరింగులు తుప్పు పట్టి గరగరలాడుతున్నాయి. అందులో వింతేమీ లేదు, వాటి ఆయుష్షు తీరింది. పుల్లర్ పెట్టి పాతవి లాగేసి, కొత్తవి గ్రీజు దట్టించి ఎక్కించాడు. ఆ తర్వాత బండి బరువు మోసే కమాన్ల చివర కుదుపు మింగడానికి ఉండే రబ్బరు బుష్‌లు విప్పాడు. అయిదు వారాల కిందట తన చేత్తోనే వేసిన బుష్‌లు. మూడేళ్ళకి తక్కువ కాకుండా రావాలి. పిండిన గుడ్డలా అన్నీ ఒకే వైపుకి మెలి తిరిగి చిరిగిపోయాయి.

"ఆ రోడ్డు దుంప తెగ," అన్నాడు తోమా.

ఆ మాటకి ఊఁ కొడితే అక్కడితో సరి. కానీ అది రోడ్డు చేసిన పని కాదని చంద్రమౌళికి చూడగానే తెలిసింది. అతనికి పని నేర్పిన సోమేశ్వరరావు ఒక్క సూత్రం చెవిలో ఇల్లు కట్టుకుని మరీ చెప్పేవాడు: బుష్ బోల్టు ఆఖరి బిగింపు బండి నేల మీద నిలబడ్డాకే, అందులో రోజూ ఎక్కే మనుషులు ఎక్కాకే. గాల్లో వేలాడుతుండగా బిగిస్తే, బండి దిగి బరువు పడగానే రబ్బరు మెలిపడిపోతుంది, ఇక ఆ మెలికలోనే చస్తుంది. అందుకే ఆయన షెడ్‌లో బుష్‌లు మార్పించాలంటే ఇంటిల్లిపాదీ రావాలి. పెళ్ళికి వచ్చినట్టు వచ్చి బండిలో కూర్చునేవారు.

అయిదు వారాల కిందట ఆ రోజు కూర్చోడానికి మనుషులు లేరు. ఇద్దరూ ఆస్పత్రిలో ఉన్నారు, నాలుగు గంటలు పడుతుంది. బయట జీడిపప్పు లారీవాడు తొందర పెడుతున్నాడు. ఒక్కసారికి ఏమవుతుందిలే అనుకుని జాకీ మీదే బిగించేశాడు. పాతికేళ్ళ అనుభవం ఉన్నవాడికే అలాంటి తెగింపు వస్తుంది, కొత్తవాడు భయపడతాడు.

ఈసారి ఆగాడు. కొత్త బుష్‌లు వేసి, బోల్టులు వదులుగా ఉంచి, బండిని దించి కూర్చున్నాడు. ఇద్దరు బేరగాళ్ళు తిట్టుకుంటూ వెళ్ళిపోయారు. మధ్యాహ్నం తోమా వెళ్ళి కాంతమ్మని తీసుకొచ్చాడు. ఆమె మొహం పాలిపోయి ఉంది. చేతికి దూది పట్టీ.

"అప్పా, బండిలో రోజూ కూకున్నట్టే కూకోవాల," అన్నాడు చంద్రమౌళి, సొంత అక్కని పిలిచినట్టు. "ఎర్రమ్మ బరువెంతో నీకు తెల్సా?"

"ముప్పై ఎనిమిది. నాకు ముందు ఆవిడే కాటా ఎక్కేది."

ఆ సీటు ఖాళీగా వదలబుద్ధి కాక, పక్క కార్ఖానా నుంచి జీడిపిక్కల బస్తా తెప్పించి, సగం తీయించి, తూచి, కాంతమ్మ పక్కన పెట్టాడు. ఆమె బస్తా మీద ఒకసారి చెయ్యి వేసి తీసేసింది. తోమా స్టీరింగు ముందు కూర్చున్నాడు. చంద్రమౌళి వెల్లకిలా బండి కిందకి దూరాడు.

వాళ్ళ మొహాలు కనిపించవు కాబట్టే నోరు పెగిలిందేమో.

"రోడ్డు కాదు తోమా. పోయినసారి మీరెవరూ ఎక్కకుండా గాల్లోనే బిగించేసినాను. లారీ ఉందని తొందరపడిపోనాను. ఆ కుదుపులు నా వల్లే. ఎర్రమ్మ..."

స్పానర్ మొదటి బోల్టుకి తగిలించాడు.  

పై నుంచి కాంతమ్మ గొంతు వినిపించింది. "ముందు బిగించు."

ఎనిమిది బోల్టులూ బిగించాడు. ఒక్కటీ వదలకుండా రెండేసిసార్లు చూసుకున్నాడు. బయటికి వచ్చేసరికి తోమా మొహం తిప్పుకుని ఉన్నాడు. కాంతమ్మ బస్తాని దింపించేసింది.

"నువ్వెక్కు తమ్ముడూ. ఆవిడ సీట్లో కూకోని మా ఊరు దాకా రా."

ఎక్కాడు.  జీడితోటలు దాటాయి, కొబ్బరితోటలు మొదలయ్యాయి. బండి మోత లేదు. గతుకుల మీద మెత్తగా దిగి లేస్తోంది. అంత సుఖంగా ఉండడమే చంద్రమౌళికి భరించరానిదైంది. ఇంతేకదా ఆ ముసలిదానికి కావలసింది, మధ్యాహ్నం దాకా ఆగితే సరిపోయేది కదా అని లోలోపల కుమిలిపోయాడు.

ఊళ్ళో ఒక పెంకుటింటి ముందు తోమా అలవాటు కొద్దీ బండి ఆపేశాడు. అరుగు మీద నల్లగా మాసిన దీపం ప్రమిద ఉంది. ఎర్రమ్మ కూతురు ధనమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"దిగు," అంది కాంతమ్మ. "నాకు సెప్పింది అక్కడా సెప్పి రా."

చంద్రమౌళి తలుపు తెరిచి, కాలు కింద పెట్టి ఆగిపోయాడు. "నువ్వు ఇంటికి ఎల్లిపో అప్పా, నీరసంగా ఉన్నావు. నాను ఆటోలో ఎల్తాను."

కాంతమ్మ సీటుకి వెనక్కి ఆనుకుంది.

"నువ్వొచ్చేదాకా ఈ బండి దిగను," అంది. "ఎల్లు."