ఆఖరి బొమ్మకు ముఖం లేదు

మా నాయన దృష్టిలో సినిమా అంటే డబ్బులిచ్చి మరీ వినే అబద్ధం. ఊరికే వచ్చే అబద్ధాలే లోకంలో బోలెడు ఉండగా టికెట్టు కొనుక్కుని వినే ఖర్మ ఏమిటని ఆయన వాదన. ఆయన పేరు జకర్యా. సికింద్రాబాదులో మిషన్ బడి పంతులు, పైగా మా చర్చి సంఘానికి పెద్ద. ఎవరైనా సినిమా హాలు దగ్గర కనిపించారని తెలిస్తే చాలు, వాళ్ళను ప్రభు బల్లకు, అంటే గుడిలో ఇచ్చే రొట్టె ద్రాక్షరసాలకు, దూరం పెట్టించేవాడు. రోసమ్మత్త కొడుకు యేసురాజునైతే ఆరాధన మధ్యలో లేపి నిలబెట్టి, ఏ సినిమా చూశాడో అందరి ముందూ చెప్పించాడు. దాంతో ఆ సినిమా సంగతి తెలియని వాళ్ళకు కూడా తెలిసింది. మరుసటి వారం సంఘంలో సగం మంది కుర్రాళ్ళు దానికే పోయారని మా అన్న ఆర్థర్ చెప్పేవాడు. వాడికి తెలియక ఎవరికి తెలుస్తుంది, ఆ సగంలో వాడూ ఒకడు.

అన్న మౌలాలి షెడ్డులో ఫైర్‌మన్. ఇంజనుకు బొగ్గు వేసే పని. ఆ డ్యూటీకి వేళాపాళా ఉండదు కనుక ఎప్పుడు వచ్చినా ఇంట్లో ఎవరూ అడిగేవారు కాదు. డ్యూటీ దిగితే నేరుగా సినిమాకే పోయేవాడు. హాలు గేటు దగ్గర నిలబడే తుకారాం వాడి దోస్తు. ఇంటికి వచ్చాక పెరట్లో నీళ్ల కాగు దగ్గర కూర్చుని, ఒంటి మీది మసి తోముకుంటూ నాకు సీన్లు చెప్పేవాడు. నేను పొయ్యి ఎగదోసే నెపంతో అక్కడే ఉండి వినేదాన్ని. విన్నవన్నీ మర్నాడు బొమ్మలు గీసేదాన్ని.

కాగితాలకు కరువు రోజులవి. నాయన దిద్దేసిన పరీక్ష పేపర్ల వెనక భాగమే నాకు దిక్కు. ఒక పక్క ఎవడో పిల్లవాడి తప్పుల లెక్క, దాని మీద నాయన పెట్టిన ఎర్ర సున్నా. రెండో పక్క రాజకుమారుడు.

నేను అప్పటికి ఒక్క సినిమా చూసిన పాపాన పోలేదు. నాకు తెలిసిన బొమ్మలల్లా సండే స్కూలు గోడకు వేలాడే బైబిలు బొమ్మలే. అందుకని నా రాజకుమారులందరికీ గడ్డాలుండేవి. రాజుగారి కోట అచ్చం సొలొమోను మందిరంలా ఉండేది. ఊయలలో కూర్చుని పాడే హీరోయిన్ పక్కన, బావి దగ్గరి రిబ్కాకు ఉన్నట్టే ఒక కడవ ఉండేది.

"ఇదేందే కిరుపా! హీరోకు గడ్డం పెట్టినవ్? మోషే లెక్క ఉన్నడు" అని అన్న పడీ పడీ నవ్వేవాడు.

"గడ్డం లేదని నువ్వు చెప్పినవా?"

"ఉన్నదని చెప్పిన్నా?"

నాకు ఉక్రోషం వచ్చేది. అయినా వాడు మళ్ళీ షురూ చేస్తే మళ్ళీ చెవులప్పగించేదాన్ని. మెట్ల మీది కత్తియుద్ధం చెప్పేటప్పుడు నా చేతిలోని ఊదుగొట్టం లాక్కుని కాగు చుట్టూ గెంతేవాడు. పెళ్ళాం చేతిలో రోకలి చూసి వడ్ల గుమ్మిలో దూరి, తుమ్ము ఆపుకోలేక దొరికిపోయే మామ సీనంటే మా ఇద్దరికీ ప్రాణం. ఆ తుమ్ము అన్న తుమ్మితే చూడాలి. వంటింట్లోంచి అమ్మ "చల్లనీళ్ళు పోసుకోవద్దని చెప్పానా!" అని కేకేసేది. అమ్మది బందరు. ఇన్నేళ్ళున్నా మా మాట ఆమెకు అంటలేదు.

వాడికి అన్నిటికన్నా నచ్చింది ఒక పడవ సినిమా. పడవవాడి కొడుకు ఓడెక్కి దూరదేశం పోతాడు. తల్లి రోజూ సాయంత్రం గుమ్మంలో దీపం పెడుతుంది. మునిగిపోయాడు, ఇంక దీపం ఎందుకని ఊరంతా అంటుంది. ఆమె వినదు.

"ఆఖరి సీన్ల తలుపు చప్పుడైతది" అని అన్న గొంతు తగ్గించాడు. "ముసలామె దీపం పట్టుకొని తలుపు తీస్తది. దీపం ఎత్తుతది. గంతే. కొడుకు నిలబడి ఉంటడు."

నేను పొయ్యి ఎగదోయడం మానేశాను. "మొఖం ఎట్ల ఉంటదన్నా? నవ్వుతడా, ఏడుస్తడా?"

వాడు చెంబుతో నీళ్ళు నెత్తిన పోసుకున్నాడు. మళ్ళీ పోసుకున్నాడు. "మొఖం తర్వాత చెప్త. గప్పటిదాంక గియ్యకు" అన్నాడు.

నేను గుమ్మం గీశాను, తల్లిని గీశాను, దీపం గీశాను. మనిషిని కూడా గీసి ముఖం వదిలేశాను.

అవి పాడు రోజులు. రజాకార్ల భయం ఒక పక్క, సరిహద్దు అవతలి నుంచి సరుకు రాని తిప్పలు ఇంకో పక్క. ఉప్పు దొరికితే కిరోసిన్ దొరకదు. సెప్టెంబరు నెలలో షెడ్డు నుంచి అన్నకు బెజవాడ లైను గూడ్సు మీద డ్యూటీ పడింది. అమ్మ వద్దని మొత్తుకుంది. వాడు నవ్వి, "ఆదివారానికి వస్తనమ్మా. గుడిల పాట నేనే ఎత్తుకుంట" అన్నాడు. నాయన వాకిట్లోనే నిలబడి విన్నాడు.

ఆదివారం వచ్చింది, వాడు రాలేదు. సోమవారం యూనియన్ సైన్యం హద్దు దాటిందన్నారు. ఆ వారం తిరగకుండానే నైజాం లొంగిపోయాడు. తిరుమలగిరి దారిలో మిలిటరీ లారీలు పోతుంటే జనం ఎగబడి పూలదండలు వేశారు. అమ్మ కూడా పోయింది. దండ వేయడానికి కాదు, లారీల మీద ఉన్న ప్రతి ముఖమూ చూసి రావడానికి.

అన్న ఇంజను డ్రైవరు ఏసురత్నం పది పన్నెండు రోజులకు కాళ్ళీడ్చుకుంటూ ఇల్లు చేరాడు. దోర్నకల్ దాటాక బండి ఆపేశారట, కాల్పులు షురూ అయితే తలో దిక్కూ పరుగెత్తారట. ఆ తర్వాత ఆర్థర్‌ను చూడలేదని చెప్పి మా వాకిట్లోనే కూలబడి ఏడ్చాడు. రైల్వే వాళ్ళను అడిగితే విచారిస్తున్నామన్నారు. ఎన్నిసార్లు అడిగినా అదే మాట.

మా గుడిలో ప్రసంగం అయ్యాక సంఘ పెద్ద ప్రార్థన చేస్తాడు. జబ్బున పడ్డ వాళ్ళ పేర్లు, తర్వాత ప్రయాణంలో ఉన్న వాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చెప్పి దేవునికి అప్పగిస్తాడు. ఆ ప్రార్థన మా నాయనదే. సెప్టెంబరు నుంచీ ప్రయాణంలో ఉన్నవాళ్ళలో మొదటి పేరు ఆర్థర్. ఆ పేరుకు ఆడవాళ్ళ వైపు నుంచి అమ్మ ఆమేన్ అందరికన్నా పైకి వినిపించేది. జ్ఞాపకార్థ కూడిక ఎప్పుడు పెట్టుకుందామని పాస్టరు అయ్యగారు మెల్లగా కదిపితే నాయన ఒప్పుకోలేదు. "పోయిండని ఎవలు చూసిన్రు అయ్యగారూ? చూడంది నేనెట్ల చెప్పాలె? నా నోట్ల అబద్ధం రాదు" అన్నాడు. ఆయన మొండితనం మీద నాకు జీవితంలో మొదటిసారి ప్రేమ పుట్టింది.

క్రిస్మస్‌కు ఇంటికి సున్నం కొట్టాలి గదా. పండుగ చేసుకునే మనసు ఎవరికీ లేకపోయినా గోడలు ఊరుకోవు. అమ్మ సున్నం తేవడానికి రోసమ్మత్తతో పోయింది. ట్రంకు పెట్టెలు వాకిట్లో పెడుతుంటే నాది జారి మూత ఊడింది. రాజకుమారులు, రిబ్కాలు, వడ్ల గుమ్మి మామ, అందరూ నాయన కాళ్ళ దగ్గర పడ్డారు. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి.

ఆయన ఒక్కొక్కటీ ఏరి చూశాడు. "సినిమా బొమ్మలా?"

"ఊఁ."

"చూసినవా?"

"లేదు నాయినా. అన్న చెప్పిండు."

ఆయన చెయ్యి ఆగింది. దెబ్బ పడుతుందని కళ్ళు మూసుకున్నాను. తెరిచి చూస్తే ట్రంకు మీద కూర్చుని ఉన్నాడు. "ఏం చెప్పిండు? వాడెట్ల చెప్పిండో గట్లనే చెప్పు" అన్నాడు.

చెప్పాను. ఆ రోజు నుంచీ బడి అయ్యాక, నన్ను వెనక గదిలో కూర్చోబెట్టుకుని ఒక్కో బొమ్మ తీసి అడిగేవాడు. "గట్లనే అన్నడా? ఇంకేమన్నడు?" తుమ్ము దగ్గర ఒకసారి నవ్వాడు. నవ్వి, వెంటనే తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. సినిమా మీద ఆయనకు ప్రేమేం పుట్టలేదు. కొడుకు గొంతు ఆ కాగితాల్లో తప్ప ఇంకెక్కడా మిగలలేదు, అంతే.

ముఖం లేని బొమ్మ చివరికి చూశాడు. అన్న మాట చెప్పాను, ముఖం తర్వాత చెప్తానన్నాడని. దాన్ని చాలాసేపు పట్టుకుని, "ఇట్లనే వస్తడు వాడు. చప్పుడు జేసి నిలబడ్తడు" అన్నాడు.

లెంటు రోజుల్లో, ఈస్టరు ముందు మేం ఉపవాసాలుండే నలభై రోజుల్లో, తుకారాం బజార్లో కలిశాడు. "చెల్లె, మీ అన్నకు ఇష్టమైన పడవ సినిమా మల్ల వచ్చింది" అన్నాడు. ఇంటికొచ్చి నాయనకు చెప్పాను. రెండు రోజులు మామూలుగా బడికి పోయి వచ్చాడు. శనివారం మధ్యాహ్నం గుడికి వేసుకునే కోటు తొడుక్కుని, "చెప్పులేసుకో" అన్నాడు.

"ఎక్కడికి?"

"మొఖం చూసొద్దాం."

అమ్మ ఎక్కడికని అడిగితే "పోయొస్తం" అన్నాడు. అబద్ధం కాదు. సంఘ పెద్ద, అదీ లెంటులో, పట్టపగలు సినిమాకు పోతున్నాడు. దారిలో ఎవరు పలకరించినా నేను ఆయన వెనక్కి నక్కాను గానీ ఆయన తల దించలేదు. బొమ్మ మడిచి కోటు జేబులో పెట్టుకున్నాడు.

ఆడవాళ్ళకు పైన, పరదా చాటున చోటు. లైట్లు ఆరిపోయాక పరదా పక్కకు లాగారు. చూద్దును గదా, ఎవరికీ గడ్డాల్లేవు! పడవ నేను గీసినట్టు నోవహు ఓడలా లేదు, సన్నగా, పేదగా ఉంది. దీపం మాత్రం అన్న చెప్పినట్టే ఉంది. ఆ తల్లి రోజూ వత్తి ఎగదోస్తుంటే నా పక్కన ఎవరో ముక్కు చీదుతున్నారు. నేను ఏడవలేదు. ఆఖరు నాకు తెలుసు గదా.

తలుపు చప్పుడైంది. ఆమె లేచింది. తలుపు తీసింది. దీపం ఎత్తింది.

గుమ్మంలో ఎవరూ లేరు. గాలి. దీపం ఆరిపోయింది. సినిమా అయిపోయింది.

జనం లేచి పిల్లల చెప్పులు వెతుక్కుంటున్నారు. నేను కూర్చునే ఉన్నాను. నెత్తిన చెంబు మీద చెంబు పోసుకుంటున్న అన్న కళ్ళ ముందు కనబడ్డాడు. లేని ముఖం ఎట్లా ఉంటుందో వాడేం చెప్తాడు? నేను ఏడుస్తానని ఆ సీను అప్పటికప్పుడు కల్పించాడు. ఇంత మంచి అన్న ఎవరికైనా ఉంటాడా అనిపించింది, వాడు ఇక రాడని కూడా అప్పుడే తెలిసిపోయింది.

కిందికి దిగాను. హాలంతా ఖాళీ. నాయన ఒక్కడే బెంచీ మీద, మోకాళ్ళ మీద బొమ్మ పరుచుకుని, తెల్ల తెర వైపు చూస్తూ కూర్చున్నాడు.

తుకారాం పక్కన నిలబడి ఉన్నాడు. "అయిపాయె సారూ. లెవ్వుండ్రి."

"కాలే. ఇంకొక్కటున్నది" అన్నాడు నాయన.

పాపం, ఆయనకు సినిమా ఎట్లా అయిపోతుందో కూడా తెలియదు. తుకారాం నా వైపు చూసి తప్పుకున్నాడు. నేను పోయి పక్కన కూర్చున్నాను. మగవాళ్ళ బెంచీ అయినా ఎవరూ ఏమీ అనలేదు.

"లేదు నాయినా. గా సీను సినిమాల లేదు. నేను ఏడుస్తనని అన్న కల్పించిండు."

ఆయన బొమ్మను అటూ ఇటూ తిప్పాడు. వెనక ఎర్ర సున్నా ఉంది. "నాకు సుత ఒకటి చెప్పిపోయిండు బిడ్డా" అన్నాడు. "ఆదివారం వస్తనని."

అంతే, ఇద్దరం ఏడ్చాం. బయట తర్వాతి ఆటకు జనం చేరుతున్నా తుకారాం చాలాసేపు తలుపు తీయలేదు.

ఇంటి దారిలో నాయన ఒకే మాటన్నాడు. "రేపు ప్రయాణంల ఉన్నోళ్లల్ల వాని పేరు చెప్పలేను. తెలిసి తెలిసి దేవుని ముంగట అబద్ధం ఎట్ల చెప్పాలె?"

మర్నాడు ప్రసంగం అయింది. నాయన లేచాడు. జబ్బున పడ్డ వాళ్ళ పేర్లు చెప్పాడు. "ప్రయాణంల ఉన్న నీ బిడ్డలను..." అని ఆగాడు. నేను చాప అంచు గట్టిగా పట్టుకున్నాను. ఆయన రెండో పేరుతో మొదలుపెట్టాడు, మూడోది చెప్పాడు, అయిపోయాయి.

నా పక్కన అమ్మ తలెత్తింది. ముసలితనంతో మొగుడు మరిచిపోయాడనుకుంది గామోసు, చిన్నగా నవ్వుతూ, అందరికీ వినబడేట్టు అందించింది.

"ఆర్థర్ అండీ. మన అబ్బాయిని మర్చిపోయారు."

నాయన కళ్ళు మూసుకునే ఉన్నాడు. జీవితమంతా ఒక్క అబద్ధం ఆడని మనిషి, అన్న నాకు చెప్పినట్టే, గొంతు తగ్గించి చెప్పాడు.

"ఆర్థర్‌ను సుత ప్రభువా. దారిల ఉన్నడు. క్షేమంగ ఇల్లు చేర్చు."

"ఆమేన్" అంది అమ్మ, అందరికన్నా పైకి. ఆమె వెనకే నేనూ అన్నాను.