పాత స్టేడియంలో ఆఖరి ఆట

బేస్‌బాల్ ఆట ఏడో ఇన్నింగ్స్ మధ్యలో, ఎప్పటి ఆనవాయితీగానే జనమంతా లేచి, ఒళ్ళు విరుచుకుని పాట అందుకున్నారు. వేరుశనగ పొట్లాల బుట్ట మెడకు తగిలించుకుని బెర్నడీన్ సిమెంటు మెట్లెక్కుతోంది. బుట్ట పట్టీ భుజాన్ని కోస్తోంది. ఈ స్టేడియంలో ఇదే ఆఖరి ఆట. వచ్చే వసంతానికి జట్టు నది ఒడ్డున కట్టిన కొత్త స్టేడియానికి వెళ్ళిపోతుంది.

దానికి ఊరి పన్నుల డబ్బు ఇవ్వాలా వద్దా అని ఓటింగు పెట్టినప్పుడు ఇంటింటి తలుపూ తట్టింది బెర్నడీనే. ఆమెని అలా తిప్పినవాడు క్లైడ్ మోస్లీ, స్టేడియంలో తినుబండారాలు అమ్మేవాళ్ళ యూనియన్ నాయకుడు. "కొత్త చోటా మన పనులు మనకే ఉంటాయి, యజమాని దగ్గర మాట తీసుకున్నాను" అన్నాడు. ఉక్కు మిల్లు మూతబడ్డ ఆ వీధులు జట్టు యజమానిని నమ్మలేదు. బెర్నడీన్‌ని నమ్మి, ఇవ్వాలనే ఓటేశాయి.

మెట్ల మలుపులో క్లైడ్ ఎదురయ్యాడు. ఒంటిమీద కొత్త నీలం చొక్కా.

"ఎవరిచ్చారీ చొక్కా?"

"కొత్త స్టేడియంలో అమ్మకాలు చూసుకునే కంపెనీ. నన్ను సూపర్‌వైజర్‌గా తీసుకున్నారు."

"మరి మేం?"

"అక్కడ చర్చీల వాళ్ళొచ్చి అమ్ముతారంట. వాళ్ళకి జీతాలుండవు. కంపెనీ వాళ్ళ చర్చికి విరాళం ఇస్తుంది, అంతే."

"నీకెప్పుడు తెలిసింది?"

క్లైడ్ మైదానం వైపు చూశాడు.

"ఓటింగుకి ముందేనా?"

"యూనియన్ ఎలాగూ నిలిచేది కాదు, బెర్నీ."

"నా చేత ఎవరెవరి తలుపులు కొట్టించావురా! మా ఆయన శవపేటిక మోసినవాడివి నువ్వు!"

"అరవకు. జనం నీ మాట నమ్ముతారని ఆటయ్యాక నిన్ను మైదానంలోకి పిలుస్తారు. యజమాని పక్కన నిలబడి, 'కొత్త ఇంట్లో కలుద్దాం' అని మైకులో అను చాలు. నీ ఒక్కదానికి పని చూపిస్తామన్నారు."

బెర్నడీన్ బుట్ట సర్దుకుని పైకి వెళ్ళిపోయింది.

ఆట ముగిసింది. లౌడ్‌స్పీకర్లలో ఆమె పేరు మోగింది. స్టేడియమంతా లేచి చప్పట్లు కొట్టింది. ఆ లేచినవాళ్ళలో తను తలుపు తట్టిన ముఖాలు ఎన్నో కనిపించాయి. కింద గేటు దగ్గర క్లైడ్ చెయ్యి ఊపుతున్నాడు.

ఆమె బుట్ట దించి, ఖాళీ కుర్చీలో కూర్చుంది.

"లే అమ్మాయ్, నిన్నే పిలుస్తున్నారు" అన్నాడు పక్కనున్న ముసలాయన.

"వినిపించింది. వెళ్ళను."

మళ్ళీ పిలిచారు. చప్పట్లు ఒక్కోచోటా ఆగిపోతున్నాయి. యజమాని నవ్వు చెదరనివ్వకుండా మైకు ముందుకు చాపి, పచ్చిక మీద ఒంటరిగా నిలబడి ఉన్నాడు.