కలిపి చదివిన నమాజు

సాయంత్రం ఆరు గంటల పద్దెనిమిది నిమిషాలు. ఎడ్మంటన్ ఉత్తర శివారులో ఉష్ణోగ్రత మైనస్ ముప్ఫై నాలుగు. వాయవ్యం నుంచి గంటకు ఇరవై రెండు కిలోమీటర్ల గాలి వీస్తోంది. మంచు కురవడం మధ్యాహ్నం రెండింటికే ఆగింది. మసీదు నేలమాళిగలోని వంటింట్లో ఉబా ఉల్లిపాయలు తరుగుతుండగా, పైన వీధి తలుపు మీద ఎవరో కొట్టారు.

మూడు దెబ్బలు. ఉబా కత్తి కింద పెట్టింది. పొయ్యి దగ్గర పప్పు కలుపుతున్న నజ్‌హా గరిటె ఎత్తినదెత్తినట్టే పట్టుకుని పైకప్పు వైపు చూసింది.

"ఎవరైనా వస్తామన్నారా అక్కా?"

"నాకెవరూ చెప్పలేదే. నీకో?"

"ఈ చలిలో ఎవడొస్తాడు? కుక్కలు కూడా గడప దాటట్లేదు."

ఎవరూ రాకూడని వేళ అది. అందుకు కారణం ఉంది. తొమ్మిది రోజుల కిందట మసీదుకు సంతకం లేని ఉత్తరం ఒకటి వచ్చింది. తలుపు పక్కన అంటించిన నమాజు వేళల పట్టికను ఎవరో ఫోటో తీసి, రాత్రి నమాజైన ఇషా వేళ చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టారు. దాని కింద ఒకటే వాక్యం: మీరు లోపల ఎప్పుడుంటారో మాకు తెలుసు. ఆ శుక్రవారమే కమిటీ ఒక నియమం పెట్టింది. లోపల జనం పలచగా ఉన్నప్పుడు గడియ వేసే ఉంచాలి. తట్టినంత మాత్రాన తీయకూడదు. వచ్చేవారు ముందు ఫోన్ చేయాలి. ఈ సంగతి ఇంగ్లీషులోనూ అరబ్బీలోనూ ప్రకటించారు, ఫోన్ గ్రూపులోనూ పెట్టారు.

ఈ రోజుకు ఇంకో కారణం కూడా తోడైంది. సాయంత్రపు మగ్రిబ్ నమాజు కాగానే ఇమాం గస్సాన్ చలిని సాకుగా చూపి ఇషాను కూడా దాని వెంటే చదివించేశాడు. ఆయన పాటించే షాఫీ పద్ధతిలో అది చెల్లుతుంది. నజ్‌హా వాళ్లలాంటి లెబనాన్ కుటుంబాలకూ, ఉబా వంటి సోమాలీలకూ అందులో వింత లేదు. టర్కీవాళ్లూ బోస్నియావాళ్లూ హనఫీ పద్ధతివారు. వారికి ఏ నమాజు వేళ ఆ నమాజుదే. అందువల్ల వచ్చిన ఇద్దరు టర్కీవాళ్లూ మిగిలినది ఇంట్లో చదువుకుంటామని వెళ్లిపోయారు. అయిదుంబావు కల్లా మసీదు ఖాళీ అయింది. మరునాడు ఎదురుగా ఉన్న ఉక్రేనియన్ చర్చివారితో కలిసి ఇల్లు లేనివారికి పెట్టే భోజనం కోసం ఆడవాళ్లిద్దరే వంటింట్లో మిగిలారు.

మళ్లీ కొట్టారు. ఈసారి అరచేత్తో, వరసగా ఏడుసార్లు.

"సరిగ్గా ఇషా వేళకే వచ్చారు చూడు," అంది నజ్‌హా. "పట్టిక చూసుకునే వచ్చారు. మా తాత ఈ ఊళ్లో గుర్రపు బండి మీద గుడ్డలమ్మాడు. నేను పుట్టిందే ఇక్కడ. నన్ను ఎక్కడికి పొమ్మంటారో వీళ్లు?"

"అరవకు. పోలీసులకు ఫోన్ చెయ్యి."

రోడ్లు గాజులా ఉన్నాయనీ, ఇరవై నిమిషాలు పడుతుందనీ పోలీసులు చెప్పారు. తలుపు తీయవద్దన్నారు.

ఉబా చెప్పులు విప్పి, దీపం వేయకుండా మెట్లెక్కింది. నజ్‌హా వెనక నుంచి ఆమె పైట చెంగులాంటి పొడవాటి ముసుగు అంచు పట్టుకుంది.

"వెళ్లకక్కా, నీ కాళ్లు పట్టుకుంటా."

"చూసొస్తా. చూస్తే ఏం పోతుంది?"

తలుపుకున్న చిన్న అద్దం మీద మంచు పొర కట్టింది. దాని వెనక ఒక నల్లటి ఆకారం కదిలింది. తల ఉంది, ముఖం లేదు. కళ్ల దాకా గుడ్డ చుట్టి ఉంది. ఏదో అంటున్నాడు. గాలి ఆ మాటను అక్కడికక్కడే చింపేస్తోంది. "ఎవరది?" అని ఒక్క మాట అడిగితే సరిపోయేది. కానీ అడిగితే లోపల మనిషి ఉన్నట్టు తెలిసిపోతుంది. మొగదిషులో ఉబా అన్న అలాగే అడిగాడు. ఎవరు అని అడిగి, జవాబు విని, తలుపు తీశాడు. అప్పుడామెకు ఇరవై మూడేళ్లు. మంచం కింద ఉంది. అన్నను చంపినవాళ్ల కాళ్లు మాత్రమే చూసింది, ముఖాలు చూడలేదు.

ఆమె అడగలేదు, గోడ వారకు జరిగింది.

దెబ్బలు మందగించాయి. భుజం ఎత్తున పడుతున్న దెబ్బలు నడుము ఎత్తుకు దిగాయి, ఆ తర్వాత మోకాలి ఎత్తుకు. చివరికి గడప దగ్గర ఏదో రాసుకున్న చప్పుడైంది.

"కింద ఏదో పెడుతున్నాడు," అంది ఉబా. "తలుపు కింద పెడుతున్నాడే!"

ఇద్దరూ పడుతూ లేస్తూ మెట్లు దిగి, వెనక గోడ దగ్గర బియ్యం బస్తాల పక్కన కూర్చున్నారు. చెవులు మూసుకుని ఎదురుచూశారు. ఏమీ పేలలేదు. పొయ్యి మీద పప్పు మాడుతున్న వాసన వచ్చింది; లేచి ఆర్పే ధైర్యం ఇద్దరిలో ఎవరికీ లేకపోయింది.

"పట్టిక చూసుకుని వచ్చాడు," నజ్‌హా మళ్లీ అంది, తనలో తాను.

ఆ మాట ఈసారి ఉబాకు వేరే చోట తగిలింది. పట్టిక చూసుకుని వచ్చేది శత్రువులేనా? ఇషా ఇంకా చదవవలసిన మనిషి కూడా పట్టికే చూసుకుంటాడు. మగ్రిబ్‌కు రాని హనఫీ ఎవరు? ఫోన్ లేనిదెవరికి? మంగళవారాల్లో వృద్ధాశ్రమంలో ఉన్న భార్యకు అన్నం తినిపించి, అటునుంచి అటే బస్సులో ఇషాకు వచ్చేదెవరు?

"ముహరెం బాబాయ్," అంది ఉబా.

"ఏంటీ?"

"బోస్నియా ముహరెం బాబాయే! మనం కలిపి చదివేశామని ఆయనకెవరు చెప్పారు?"

"ఆయనో కాదో నీకెట్లా తెలుసు? పోలీసులు రానీ అక్కా!"

"డెబ్బై ఎనిమిదేళ్ల మనిషే. ఇరవై నిమిషాలుంటాడా?"

మొదటి దెబ్బ పడి ఇప్పటికి పదకొండు నిమిషాలైంది. ఉబా పైకి పరుగెత్తింది. అద్దంలో ఇప్పుడు ఒకటి కాదు, మూడు ఆకారాలున్నాయి. ముగ్గురికీ ముఖాలు లేవు. ఒకడి చేతిలో పొడవాటి ఇనుప గునపం ఉంది.

తన ఊహ తప్పని ఆమెకు ఆ క్షణంలో అనిపించింది. అయినా చెయ్యి గడియ మీదే ఉంది. ఊహ తప్పైతే తీసి నేను చస్తాను, ఒప్పైతే తీయక ఆయన చస్తాడు. ఈ లెక్కకు అంతకంటే ఆలోచన అక్కర్లేదు. గడియ లాగింది. మంచుకు బిగుసుకున్న తలుపును రెండు చేతులా లోపలికి గుంజింది.

"తీశారా! నడుములు పట్టుకో స్టెఫాన్, నడుములు!" అన్నాడు గునపం మనిషి. దాన్ని మంచులోకి విసిరేసి, ముఖం మీది ఉన్ని గుడ్డ కిందికి లాగాడు. చర్చి బొహ్‌దాన్. ప్రతి నెలా పెద్ద గిన్నెలు అరువు అడిగే మనిషి. "మా చర్చి మెట్ల మీద మంచు కొడుతూ చూశాం. గడపలో ముడుచుకుపోయున్నాడు. మీ మనిషేనామ్మా?"

"మా మనిషే," అంది ఉబా.

మందపాటి తొడుగుతో కొడితే చప్పుడు రాదని ముహరెం కుడిచేతి తొడుగు తీసేసి, ఇనుప తలుపును ఉత్త చేత్తో కొట్టాడు. ఆ తొడుగు గాలికి కొట్టుకుపోయింది. వైద్యులు ఆయన కుడిచేతి నాలుగు వేళ్లు తీసేశారు. బొటనవేలు మిగిలింది.

తొమ్మిదో రోజున ఉబా ఆసుపత్రికి వెళ్లింది. దారి పొడుగునా ఒకటే భయం: అద్దం అవతల నుంచి తనను చూశాడా?

"రామ్మా," అన్నాడు ముహరెం. "ఆ లెబనాన్ గురువుకు చెప్పు, చలికి జడిసి నమాజులు కట్టగట్టి అప్పజెప్పేస్తే ఎట్లా అని. దేవుడేమన్నా పోస్టాఫీసా?"

ఉబా నవ్వబోయింది, చేతకాలేదు.

"అద్దంలో నీడలాంటిది కనబడ్డట్టనిపించింది," అన్నాడాయన. "మంచు పొరేలే. మీరు కింద వంటింట్లో ఉన్నారట గదా?"

"అవును బాబాయ్."

"అంత కింద ఏం వినబడుతుంది! తప్పు నాదే. ఫోన్ కొనుక్కోమని మా వాడు మొత్తుకుంటూనే ఉన్నాడు."

ఆయన ఎడమచేత్తో ఆమె చేతిని తట్టాడు. నిజం చెప్పడానికి ఆమెకు అంతకంటే మంచి అదను దొరకదు. ఆ సంగతి ఆమెకు స్పష్టంగా తెలుసు.

"అవును బాబాయ్," అంది ఉబా. "వినబడలేదు."

బయట వసారాలో నజ్‌హా లేచి నిలబడింది. "చెప్పావా?"

"లేదు."

"నేను చెప్పనా?"

"వద్దు."

ముహరెం ఏడేళ్ల తర్వాత, ఎనభై అయిదేళ్ల వయసులో, జూన్ నెలలో నిద్రలోనే చనిపోయాడు. ఆ సాయంత్రం తలుపు వెనక మనిషి నిలబడి ఉందని అప్పటిదాకా ఆయనకు ఎవరూ చెప్పలేదు.